గడియారానికి తువ్వాలు కప్పిన సిస్టరు

అది మొదలైంది కార్తీక బహుళ తదియ, శుక్రవారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు. ఐసీయూ తలుపు పదింటికి తీస్తారు. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, వాళ్లిచ్చే పచ్చ గౌను తొడుక్కుని ఆరో నంబరు మంచం దగ్గరికి చేరడానికి నాకు పది నిమిషాలు పట్టేది. ఆ రోజు మంచం దాకా పోకముందే అద్దంలోంచి చూశాను. మా ఆయన నవ్వుతున్నారు.

గొంతులో గొట్టం ఉన్న మనిషి నవ్వితే శబ్దం రాదు. భుజాలు కదులుతాయి, అంతే. పద్దెనిమిది రోజులుగా, రోజుకు రెండు పూటలు, పూటకు ఒక గంట చొప్పున నేను ఆ భుజాల పక్కన కూర్చున్నాను. నా కోసం అవి ఒక్కసారీ కదలలేదు. మంచానికి అటుపక్క ఒక సిస్టరు నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి. కళ్లద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆయనతో పోట్లాడుతోంది.

"బంగారు అక్షరాలు వద్దంటా ఉండా కదా అయ్యా! నా మొహానికి బంగారు అక్షరాలా? చూసినోళ్లు నవ్వరా?"

మా ఆయన రెండు వేళ్లు ఎత్తి చూపించారు.

"రెండు రంగులా? సరే. కార్డు మొదట రెడీ చేయండి. మాప్పిళ్లై దొరికినాక పెళ్లికొడుకు పేరు వేసుకుంటాం."

మళ్లీ భుజాలు కదిలాయి.

మా ఆయన సౌకార్‌పేటలో నలభై ఒక్క సంవత్సరాలు పెళ్లి కార్డుల అంగడి నడిపారు. ఆ సంగతి ఆమెకు నేను చెప్పలేదు. ఆమె ఆయన్నే అడిగింది, ఆయన ప్యాడు మీద రాసిచ్చారు. ఆ ప్యాడు కొన్నది నేను. నాకు దాని మీద అంతవరకు రాసినవి "నీళ్లు", "కాళ్లు", "ఎప్పుడు ఇంటికి" అనే మూడు మాటలు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మొన్నటి మంగళవారం. ఉదయం ఆరు గంటల ముప్పై అయిదు నిమిషాలకు మాధవరంలో మా వీధి చివరి పాల బూతుకు పోయాను. ఈ తమిళ ఊళ్లో మనిషి పోతే వీధివాళ్లు ఫోటో వేసి, పుట్టిన తేదీ, పోయిన తేదీ వేసి, కన్నీటి అంజలి అని గోడలకు అంటిస్తారు. బూతు పక్క గోడ మీద ఆమె ఉంది. అవే కళ్లద్దాలు. ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసివేసి చూశాను. నలభై మూడు సంవత్సరాలు. పోయింది శనివారం. కింద వేసిన వీధి పేరు మాకు నాలుగు బస్‌స్టాపుల దూరం.

పాలు తెచ్చి కాచాను. కాఫీ కలిపి ఆయనకిచ్చాను. గోడ సంగతి చెప్పలేదు.

ఆయన జబ్బు నిమోనియా. వానలకు పట్టుకుంది. ఊపిరితిత్తులు రెండు వారాల్లో బాగుపడ్డాయి. ఊపిరి మాత్రం వెంటిలేటరును వదిలి రాలేదు. పదకొండో రోజున గొంతు కింద రంధ్రం చేసి గొట్టం అందులోకి మార్చారు. ఇన్నాళ్లు యంత్రం ఊదితే కండరాలు పని మరిచిపోతాయట. రోజూ కాసేపు యంత్రం తీసి, మళ్లీ పెట్టి, ఆ కాసేపును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. చంటిపిల్లలకు పాలు మాన్పించినట్టే యంత్రాన్ని మాన్పించాలని పెద్ద డాక్టరు చెప్పాడు. మొదట వేరే సిస్టర్లు రెండుసార్లు తీసి చూశారు. ఒకసారి నాలుగు నిమిషాలు, ఒకసారి ఆరు. రెండుసార్లూ ఆయన కళ్లు తేలేసి, నా చెయ్యి పట్టుకుని, తల అడ్డంగా ఊపారు.

నేను ముప్పై మూడేళ్లు లెక్కల టీచరుగా చేశాను. రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. ఆ నోట్‌బుక్కు ఇప్పుడు నా ముందు ఉంది. శుక్రవారం ఆమె తీసింది పదిహేను నిమిషాలు. శనివారం ఇరవై అయిదు. ఆదివారం నలభై. సోమవారం అరవై. మంగళవారం తొంభై. బుధవారం నూట ఇరవై.

ఆమె పద్ధతి ఇది. ముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరుచుకునేది. చల్లటి చెయ్యి ఎదమీద పడితే ఊపిరి బిగుస్తుందని. మంచం తలవైపు పైకి ఎత్తేది. అంకెలు కనిపించే మానిటరును గోడవైపు తిప్పేది. ఎదురుగోడ గడియారానికి ఒక పచ్చ తువ్వాలు కప్పేది. తర్వాత కార్డుల సంగతి ఎత్తేది. బేరం మంచి పట్టులో ఉండగా యంత్రం గొట్టం ఎప్పుడు తీసేదో నాకే తెలిసేది కాదు. ఆయనకు అసలే తెలిసేది కాదు.

"పీల్చేది ఎవరికైనా వస్తుంది అయ్యా. వదిలేదే చూడండి. మెల్లిగా వదలండి. ఆ, పసుపు కార్డు అన్నారు కదా, పసుపు అయితే మరక పడదా?"

గొట్టంలో చేరిన కఫాన్ని సన్నటి పైపుతో లాగేటప్పుడు ఆమె తన ఊపిరి బిగబట్టేది. ఆ కాసేపు రోగికి గాలి ఆడదు. తనకు గాలి చాలకపోతే ఆయనకూ చాలడం లేదని అర్థం, వెంటనే పైపు తీసెయ్యాలి. ఇది ఎవరూ నాకు చెప్పలేదు. ఆమె బుగ్గలు చూసి నేనే పట్టుకున్నాను. నా వాచీలో చూశాను. పదకొండు సెకన్లు. ఒక్కసారీ పన్నెండు కాలేదు. నా మొగుడి కోసం ఊపిరి బిగబట్టే మనిషి ఇంకొకరు ఉన్నారన్నది నాకు నచ్చలేదు. అది మంచి పద్ధతి అని తెలుసు. తెలిసినా నచ్చలేదు.

గడియారం గురించి ఒకసారి అడిగాను.

"గోడకు గడియారం పెట్టింది చూడ్డానికి కదమ్మా? దానికి తువ్వాలేంది?"

"ఎదురుగా గడియారం ఉంటే ఎవరికి ఊపిరి ఆడుతుందమ్మా? పరీక్ష హాల్లో మీ పిల్లల్ని చూడలేదా?"

నేను టీచరునని ఆమెకు ఎలా తెలిసింది? ఆ సాయంత్రం ప్యాడు తిరగేశాను. ఆయన చేతిరాతతో ఉంది: "మా ఆవిడ లెక్కల టీచరు. జాగ్రత్త."

ఆ కాగితాలన్నీ దాచాను. మొత్తం యాభై మూడు. డాక్టర్లకు రాసినవి నాలుగు. నాకు రాసినవి పద్దెనిమిది. ఆమెకు రాసినవి ముప్పై ఒకటి. నాకు రాసినవాటిలో కూడా ఆరు ఆమె గురించే. "పార్టీ వచ్చిందా?" "పార్టీ తిన్నదా?" అంగడికి వచ్చే కొనుగోలుదారును ఆయన పార్టీ అనేవారు. ఆమెకూ అదే పేరు పెట్టారు. మా పెళ్లయి అప్పటికి నలభై నాలుగు సంవత్సరాల నాలుగు నెలలు. నాకు ఆయన ఏ పేరూ పెట్టలేదు. "ఏమే" అనేవారు, ఇప్పటికీ అంతే.

బుధవారం మధ్యాహ్నం డ్యూటీ దిగేముందు ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"రేపు నాకు లీవమ్మా. ఆడ రాసిపెట్టినాను, రెండు గంటలే. పెంచేది లేదు. మిమ్మల్ని మొత్తం టైము కూర్చోనిమ్మని డ్యూటీ అమ్మాయికి చెప్పినాను. ఎంతసేపు తీస్తా ఉండారని మాత్రం ఆయనకి చెప్పొద్దండి. సుమ్మా, ఊరికే మాట్లాడతా ఉండండి."

"ఏం మాట్లాడాలి?"

"నలభై నాలుగేళ్లుగా ఏం మాట్లాడతా ఉండారో అదే."

గురువారం పది గంటల పదిహేను నిమిషాలకు డ్యూటీలో ఉన్న చిన్న సిస్టరు యంత్రం తీసి పక్క మంచానికి పోయింది. గడియారం మీది తువ్వాలు నేను తీసేశాను. కార్డుల మాట ఎత్తి చూశాను. ఆయన నా వైపు చూడలేదు. తలుపువైపు చూస్తున్నారు.

"ఈరోజు రాదు. లీవు," అన్నాను.

కళ్లు మూసుకున్నారు. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది. అరచేతులు వేడెక్కాయి.

"నిన్న నూట ఇరవై నిమిషాలు చేశారు," అన్నాను, క్లాసులో మాట్లాడినట్టు. "ఈరోజు నూట ఎనభై. మూడు గంటలు. రేపు ఆమె వచ్చి చూసుకోవాలి. కళ్లు తెరవండి. గడియారం చూడండి."

అయిదు నిమిషాలకు అయిదు అన్నాను. పదికి పది అన్నాను. పదిహేనుకు ఆయన మెడ నరాలు పైకి లేచాయి. ఇరవైకి నుదుటి మీద చెమట. "ఇంకా నూట అరవై ఉంది, అప్పుడే ఏమిటి?" అన్నాను. ఇరవై రెండో నిమిషంలో అలారం మోగింది. చిన్న సిస్టరు పరుగెత్తుకొచ్చింది. ఊపిరి నిమిషానికి ముప్పై ఎనిమిది. యంత్రం తగిలించారు. కాస్త తేరుకున్నాక ఆయన ప్యాడు అడిగి రాశారు: "మూడు గంటలు నా వల్ల కాదు." ఆ కాగితం నేను తీసేలోపల చిన్న సిస్టరు దాన్ని కేసు షీటుకు గుచ్చింది.

మర్నాడు రౌండ్సులో పెద్ద డాక్టరు ఆ కాగితం పట్టుకుని అడిగాడు. మంచం చుట్టూ ఇన్‌ఛార్జి సిస్టరు, చిన్న సిస్టరు, ఆమె, నేను.

"రెండు గంటలని రాసి ఉంది. మూడని పేషెంటుకు ఎవరు చెప్పారు?"

నేను నీళ్ల సీసా మూత బిగించాను. అది బిగించే ఉంది.

"నేను చెప్పలేదు సార్," అంది చిన్న సిస్టరు. ఏడుపు గొంతు.

ఆమె నా వైపు ఒకసారి చూసింది. గడియారం వైపు చూసింది. తువ్వాలు కింద కుర్చీ మీద మడతపెట్టి ఉంది. నేను ఏది మడతపెట్టినా నాలుగు మడతలు, అంచుకు అంచు.

"నేనే చెప్పి ఉంటాను సార్, బుధవారం. ఊరికే ఉత్సాహం కోసం."

అందరి ముందు డాక్టరు ఆమెను తిట్టాడు. ఇరవై ఏళ్ల సర్వీసు ఉండి ఇదేనా అన్నాడు. ఆమె తల వంచుకుని కళ్లద్దాలు కొంగు దొరకక జేబు అంచుతో తుడుచుకుంది. వరండాలో నేను ఆమె వెనక పోయాను.

"అది నువ్వు చెప్పలేదు కదా," అన్నాను.

"తెలుసమ్మా."

"మరి ఎందుకు?"

"మీరు చెప్పినారని తెలిస్తే మిమ్మల్ని లోపలికి రానీరు. ఆయనకి ఇంకా భయం అవుతుంది. నేను లేకపోతే ఇంకొక సిస్టరు వస్తుంది. మీరు లేకపోతే ఎవరు వస్తారు?" కళ్లద్దాలు పెట్టుకుంది. "పోండి, ఇడ్లీ తిని రండి. మొహం చూసుకున్నారా?"

ఆ మాటకు నేను కరిగి ఉండాలి. చదివేవాళ్లు అదే అనుకుంటారు. నాకు మాత్రం, నా మొగుణ్ని ఆమె నాకు దానం ఇచ్చినట్టు అనిపించింది.

రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి ఆదివారం పది నిమిషాల నుంచి మళ్లీ మొదలుపెట్టింది. కార్డు రంగు పసుపు నుంచి గులాబికి మారింది. ఆ తర్వాతి బుధవారానికి నూట ఇరవైకి చేరారు. ఆ మర్నాటి నుంచి ఆమె లేదు. రెండంతస్తులు పైన, ఆపరేషన్ అయినవాళ్ల వార్డుకు మార్చేశారు. తొమ్మిదేళ్లు ఐసీయూలో ఉన్న మనిషిని. కారణం అడిగాను. "ఆ గురువారం గొడవే," అంది చిన్న సిస్టరు.

అప్పటికి ఆయనకు దారి తెలిసిపోయింది. సోమవారం ఉదయం పదింటికి తీసిన యంత్రాన్ని మళ్లీ పెట్టలేదు. గురువారం గొంతు గొట్టానికి ఒక చిన్న మూత బిగించారు. దానితో మాట వస్తుంది. నేను మంచం పక్కనే ఉన్నాను. ముప్పై ఎనిమిది రోజుల తర్వాత ఆయన గొంతు విన్నాను. బొంగురుగా, పాత రేడియోలా.

"ఏమే, పార్టీ ఏదీ?"

"లీవులో ఉంది," అన్నాను. "ఊరికి పోయింది."

అబద్ధానికి ఒక సెకను కూడా పట్టలేదు.

శనివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు నేను లిఫ్టు దగ్గర ఉండగా ఆమె దిగింది. యూనిఫారం లేదు. మామూలు చీర, చేతిలో టిఫిన్ క్యారియరు, జడలో కనకాంబరాలు. డ్యూటీ దిగి, ఆయన్ను చూడ్డానికే వచ్చింది.

"నిద్రపోతా ఉండారు," అన్నాను.

లోపల ఆయన దిండుకు ఆనుకుని పేపరు చదువుతున్నారు. నేను నిలబడ్డ చోటు నుంచి పేపరు అంచు కనిపిస్తోంది. ఆమె ఇంకో రెండు అడుగులు వేస్తే ఆమెకూ కనిపించేది.

"అయ్యో, లేపొద్దండి. నిద్రే మందు." అక్కడే నిలబడింది. కాసేపటికి, సిగ్గుపడుతున్నట్టు అడిగింది: "మిషను తీసి ఎన్ని గంటలైందమ్మా?"

"నూట ఇరవై నాలుగు గంటల పది నిమిషాలు."

ఆమె వేళ్ల మీద దాన్ని రోజులుగా మార్చుకుంది. అయిదో వేలు దగ్గర ఆగి నవ్వింది. "చెప్పండి నేను వచ్చినానని," అని లిఫ్టు ఎక్కింది.

చెప్పలేదు. వారం తర్వాత ఇంటికి వచ్చాం. ఆయన రెండుసార్లు ఆసుపత్రికి ఫోన్ చేయమన్నారు. చేశానని, దొరకలేదని చెప్పాను. తర్వాత అడగడం మానేశారు. మొదటి కొన్ని నెలలు నేను చాలా సంతోషంగా ఉన్నానని రాయాలి. ఆయన ఊపిరి, ఆయన మాట, రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి.

మంగళవారం చెప్పలేనిది గురువారం చెప్పాను. ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. ఆయన ఉప్మా తింటున్నారు.

"ఆ సిస్టరు పోయింది," అన్నాను. "పాల బూతు దగ్గర పోస్టరు వేసినారు."

చెంచా కింద పెట్టారు.

"పాపం. ఒక్కసారి కూడా చూడ్డానికి రాలేదే," అన్నారు. "ఆ గురువారం నేను ఓడిపోయినానని కోపం వచ్చిందేమో. అంత కష్టపడింది నాతో. ఇరవై రెండు నిమిషాలకే చేతులెత్తేస్తినే."

రెండు సంవత్సరాలకు పైగా ఆయన ఇది మోస్తున్నారని నాకు తెలియదు. నేను అన్నీ రాసిపెట్టుకునే మనిషిని. ఇది నా నోట్‌బుక్కులో లేదు.

"వచ్చింది," అన్నాను. "మీకు మాట వచ్చినాక, ఆ శనివారం ఐసీయూకు వచ్చింది. నిద్రపోతా ఉండారని నేనే పంపేసినాను. మీరు ఓడిపోలేదు. ఆమె రాసింది రెండు గంటలే, మూడని భయపెట్టింది నేను. తిట్లు తిన్నది ఆమె."

ఆయన నన్ను చూశారు. "పేపరు చదువుకుంటా ఉంటిని కదే ఆ దినం," అన్నారు. లేచి, చొక్కా వేసుకుని, బయటికి పోయారు. నేను వెనకే పోయాను. పాల బూతుకు మా గుమ్మం నుంచి నాలుగు వందల పది అడుగులు. దారిలో రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడ్డారు. మెల్లిగా ఊపిరి వదిలి మళ్లీ నడిచారు. పోస్టరు ముందు నిలబడి ఏదో చెప్పడం మొదలుపెట్టారు. పెదవులు కదులుతున్నాయి. పాలవాళ్లు పక్కకు జరిగారు. నేను పదకొండు అడుగుల వెనక ఉన్నాను. వినపడలేదు. ఆరు నిమిషాలు మాట్లాడారు. ఆ ఆరు నిమిషాల్లో ఏం చెప్పారో నాకు తెలియాలనిపించింది. ఆమె చచ్చిపోయాక కూడా, ఇప్పటికీ తెలియాలనే ఉంది.

పోయినవి ఇవి. బుధవారం నుంచి బుధవారానికి ఆసుపత్రిలో ఏడు రోజులు. ఐసీయూలో ఆమెకున్న తొమ్మిదేళ్ల చోటు. వాళ్లిద్దరూ నాలుగు బస్‌స్టాపుల దూరంలో ఉండి కలుసుకోని నూట పద్దెనిమిది వారాలు, శనివారం నుంచి శనివారానికి. నలభై మూడేళ్ల మనిషి ఒకతె. ఆయన నాతో మాట్లాడని రోజులు, ఈ ఉదయానికి, నాలుగు.